మా నాన్న చూసిన బ్యాలే సినిమా

మా నాన్న తన జీవితం మొత్తంలో ఒకే ఒక్క ఇంగ్లీషు సినిమా చూశాడు. అదీ కంటి ఆపరేషన్ అయిన రెండు రోజులకి, డాక్టరు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గుంటూరు బ్రాడీపేటలో మా అన్నయ్య ఇంట్లో సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చూశాడు. అది ఒక బ్యాలే నర్తకుడి జీవితకథ. చలిదేశంలో పుట్టి, ఆ దేశపు బృందంతో నానా దేశాలూ తిరిగి ఆడి, ఒకనాడు పరాయిదేశపు విమానాశ్రయంలో నేను వెనక్కి రాను అని నిలబడిపోయిన మనిషి కథ. ఆ సినిమా నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. సినిమా గొప్పతనం వల్ల కాదు, పక్కన కూర్చుని చూసిన మా నాన్న వల్ల.

అప్పటికి ఆయన నాతో మాట్లాడి నాలుగేళ్ళు కావస్తోంది.

మాట్లాడడంటే నన్ను చూసి మొహం చాటేసే రకం కాదు. నేను పెట్టిన అన్నమే తింటాడు, నేను ఉతికిన పంచే కడతాడు, మాట మాత్రం గోడకో కోడలికో చెప్తాడు. ఆ వారం నేను బ్రాడీపేట వెళ్ళిందే ఆయన కంట్లో చుక్కల మందు వెయ్యడానికి. అమ్మ లేదు. అన్నయ్య పొద్దున వెళ్తే చీకటి పడ్డాక గానీ రాడు. వదిన ఇంగ్లీషు టీచరు, స్కూల్లో పిల్లల్ని గడగడలాడిస్తుంది గానీ ఎదుటివాళ్ళ కంట్లో మందు వెయ్యాలంటే ఆవిడ చేతులే వణుకుతాయి. కాబట్టి నేనే దిక్కు. నేను సీసా పట్టుకుని మీదికి వంగితే, ఆయన నా మొహంలోకే చూస్తూ, "అమ్మా కోడలా, మీ ఆడపడుచుని కాస్త నిదానంగా వెయ్యమను" అనేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "వదినా, మీ మామగారిని కన్ను చికిలించొద్దని చెప్పు" అనేదాన్ని. మధ్యలో వదిన, "నేనేమన్నా పోస్టాఫీసు పెట్టుకున్నానా ఇక్కడ? తండ్రీకూతుళ్ళ మాటలు మోసీ మోసీ నా నోరు పడిపోతోంది" అని నెత్తి కొట్టుకునేది.

ఇంతకీ మా ఇద్దరి మధ్యా వచ్చిన తగువు కోలాటం గురించి. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా వైపు పొలం గట్టు తగాదాలన్నా పెద్దమనుషుల దగ్గర తెగుతాయి గానీ కోలాటం తగాదాలు తెగవు.

మా నాన్న మా పుట్టినూరికి కోలాటం గురువు. పగలు మిరప చేలో ఎంత ఒళ్ళు హూనమైనా సరే, పొద్దుగూకేసరికి మొహం కడుక్కుని, మెళ్ళో ఈల వేసుకుని, ఆడవాళ్ళని వలయంగా నిలబెట్టేవాడు. ఎవరు ఎటు తిరగాలి, ఎవరి కర్ర ఎవరి కర్రకి తగలాలి, ఏ అడుగు మీద వరస మారాలి, ఈ లెక్కంతా కలిపితే ఒక కోపు. ఆయన ఈల వేస్తే ఒక కోపు ముగిసి ఇంకో కోపు మొదలవుతుంది. కొన్ని కోపులు ఆయన గురువు నేర్పినవి, కొన్ని ఆయన సొంతంగా కట్టినవి. ఆ వలయంలో మొదటి కర్ర నాది. పరికిణీ కట్టుకునే వయసు నుంచీ నాదే. చుట్టుపక్కల ఊళ్ళలో మా నాన్నని "ఆ పిల్ల వాళ్ళ నాన్న" అనేవాళ్ళంటే నా ఆట ఏ పాటిదో మీరే అర్థం చేసుకోండి. గొప్పలు పోతున్నానంటారా, పోతున్నాను. ఉన్న గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

పెళ్ళయి నేను వెళ్ళింది కూడా దూరమేమీ కాదు. మధ్యలో ఒక వాగు, అంతే. మా మెట్టినూళ్ళో డాబా ఎక్కితే పుట్టినూరి నీళ్ళ ట్యాంకు కనపడుతుంది. ఆ వాగు ఒడ్డున ఒక శివాలయం ఉంది. శివరాత్రికి అక్కడ తిరునాళ్ళ జరిగితే చుట్టుపక్కల కోలాటం జట్లన్నీ దిగుతాయి. నా పెళ్ళయ్యాక కూడా ప్రతి శివరాత్రికీ పుట్టినూరి ట్రాక్టరు మా గుమ్మం ముందుకొచ్చి ఆగేది. ట్రక్కు నిండా పసుపుపచ్చ చీరల్లో మా జట్టు, డ్రైవరు పక్కన మా నాన్న. నేను ఎక్కేదాన్ని. మా అత్తగారు కూడా "పోయి రా, ఆ పీనుగుల్లో నువ్వు లేకపోతే చూసేదేముంది" అని పంపించేది. ఆవిడ మాట అంత ముద్దుగా ఉంటుంది.

అలా ఎన్నో ఏళ్ళు సాగింది. ఈలోగా నాలో ఒక పురుగు తొలవడం మొదలైంది. జడకోలాటంలో ఒక కొత్త మలుపు తోచింది నాకు. జడకోలాటం చూడనివాళ్ళ కోసం చెప్తాను. నిలువు స్తంభం పైన రంగురంగుల తాళ్ళు కడతారు. ఒక్కొక్కరూ ఎడం చేత్తో ఒక్కో తాడు పట్టుకుని, కుడిచేత్తో కర్ర కొడుతూ, సగంమంది ఇటూ సగంమంది అటూ ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ తిరుగుతారు. పైన తాళ్ళన్నీ జడలా అల్లుకుంటూ వస్తాయి. తర్వాత వచ్చిన దారినే వెనక్కి తిరిగి ఆ జడ విప్పాలి. అల్లడం ఎవరైనా నేర్చుకుంటారు, విప్పడంలోనే పసంతా ఉంది. అల్లిన జడ విప్పకుండా దేవుడి ముందు నుంచి కదలకూడదని కూడా మా వైపు ఒక పట్టింపు. నాకు తోచిన మలుపేమిటంటే, జడ సగం అల్లాక ప్రతి జోడీ వీపుకి వీపు ఆనించి ఒక చుట్టు తిరిగి, లోపలివాళ్ళు బయటికీ బయటివాళ్ళు లోపలికీ వచ్చెయ్యాలి. అలా చేస్తే జడలో గవ్వలు కుట్టినట్టు ఒక వరస పడుతుంది. నేను దాన్ని అన్నం తింటూ కంచంలో వేలితో గీసుకున్నాను, చేలో కాయ కోస్తూ సాళ్ళ మధ్య అడుగులేసి చూసుకున్నాను. ఆ సంబరంతో నాన్న దగ్గరికి పోయి చెప్పాను.

ఆయన పూర్తిగా విననైనా వినలేదు. "కోపు కట్టేది గురువు. ఆడేది శిష్యులు. నీ పని ఆడటం" అన్నాడు.

నాకు కడుపు మండిపోయింది. ఆయన చెప్పింది చెప్పినట్టు ఆడటానికి అంతకాలం పనికొచ్చిన నా బుర్ర, ఒక్క మలుపు కట్టడానికి పనికిరాకుండా పోయిందా? అదే ఏడు మా మెట్టినూరి ఆడవాళ్ళు నన్ను పట్టుకున్నారు. "అక్కా, మన ఊళ్ళో ఉంటా ఆ ఊరికి ఆడతావు. మాకు నేర్పితే నీ సొమ్మేం పోయింది?" అని. పగలంతా కాయ కోసిన చేతులు, మంట తగ్గడానికి మజ్జిగలో ముంచి తీసిన చేతులు, అవే చేతులతో కర్ర పట్టుకుని నా ముందు నిలబడ్డారు. కాయ ఇంకా కల్లంలోకి రాని రోజుల్లో ఆ కల్లంలోనే వాళ్ళకి అడుగు నేర్పాను. నా మలుపు కూడా నేర్పాను.

ఆ శివరాత్రికి ట్రాక్టరు వచ్చింది. హారన్ కొట్టారు. నేను మా జట్టు ఎర్రచీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

"ఎక్కవే, పొద్దుపోతోంది" అన్నాడు నాన్న, ఇంకా నా చీర చూసుకోకుండా.

"నేను ఎక్కను నాన్నా. ఈ ఊరి జట్టుతో వస్తా" అన్నాను.

ట్రక్కులో ఆడవాళ్ళు పరాచికమనుకుని కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నా చీర చూశాడు, నా మెళ్ళో ఈల చూశాడు. నవ్వలేదు, తిట్టలేదు. డ్రైవరుతో "పోనియ్యి" అన్నాడు. అంతే, ఆ రోజుతో మా మాటలు బంద్. ఆ ఏడూ, ఆ తర్వాతా మా జట్టు ఆటకి దిగే వేళకి ఆయన పదిమందికీ కనపడేటట్టు లేచి, వలయానికి వీపు తిప్పి, సోడాబండి వైపు చూస్తూ నిలబడేవాడు. మేము ఆడినంతసేపూ అలాగే. సోడా తాగేవాడూ కాదు.

తప్పు చేశానని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఆ వీపు చూస్తూ ఆడటం ఎంత నరకమో నాకే తెలుసు. చూసేవాళ్ళు వేలల్లో ఉన్నా నాకు కావలసిన రెండు కళ్ళు సోడాబండి మీదుండేవి. డెబ్బై దాటిన మనిషి, ఇంకెన్ని శివరాత్రులు చూస్తాడు? ఒక్కసారి ఇటు తిరిగి నా కోపు చూసి, బాగుందనో బాలేదనో నోరు తెరిచి నాతో అంటే చాలు. అది తప్ప నాకు ఆయన దగ్గర ఏమీ అక్కర్లేదు.

ఇదీ పరిస్థితి. ఇలాంటి ఇద్దరి మధ్యా కూర్చుని, ఆ మధ్యాహ్నం మా వదిన టీవీలో సినిమా పెట్టింది. "డాన్సు సినిమా మామయ్యా, మీకు నచ్చుతుంది, కింద ఇంగ్లీషులో వేస్తారు, నేను తెలుగులో చెప్తాను" అంది. అందులో దేశం వదిలిపెట్టి పోవడం ఉందని ఆవిడకి తెలుసో తెలియదో ఆ భగవంతుడికే ఎరుక. మా వదిన ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

మొదటి సీను పడగానే నాన్న, "అదేందమ్మా, ఒంటికి అతుక్కున్న ఆ లాగు? పైన పంచన్నా కట్టుకోకూడదా?" అన్నాడు.

"బ్యాలేకి అదే వేషం మామయ్యా. కాళ్ళ కదలిక కనపడాలిగా."

"కనపడాల్సింది ఒకటి, కనపడేది ఇంకోటీనా" అని గొణిగాడు. అయినా కళ్ళు తిప్పుకోలేదు. కాసేపటికి ముందుకి వంగాడు. ఆడపిల్లలు మునివేళ్ళ మీద నిలబడి గిర్రున తిరుగుతుంటే ఆయన బొటనవేళ్ళు సోఫా మీద ముడుచుకోవడం నేను చూశాను. ఆ కుర్రాడు ఎగిరినప్పుడల్లా "హమ్మ, హమ్మ" అన్నాడు. అని ఊరుకున్నాడా, తప్పు కూడా పట్టాడు. "అంతెత్తు నుంచి కిందపడితే చప్పుడు కాదేం? అడుగు మోగకపోతే అది ఆటేంది, మద్దెల వాడికి ఎట్టా తెలుస్తది?"

"చప్పుడు కాకుండా దిగడమే వాళ్ళ విద్య" అన్నాను నేను, టీవీ వైపు చూస్తూ.

"కోడలా, చప్పుడు చెయ్యకుండా దిగేది పిల్లి అని చెప్పమ్మా" అన్నాడు ఆయన, టీవీ వైపే చూస్తూ.

సినిమాలో ఆ కుర్రాడికి నేర్పిన ముసలాయన ఒకాయన ఉన్నాడు. చేతికర్ర నేలకేసి కొట్టి తాళం చెప్తాడు, పిల్లవాడి మోకాలు వంగితే ఆ కర్రతోనే చురక పెడతాడు. ఆయన తెరమీదికి వచ్చినప్పుడల్లా మా నాన్న నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. "ఆఁ, అదీ. అట్టా ఉండాలి" అన్నాడు. ఆ కుర్రాడు పెద్దవాడయ్యాడు. పేరొచ్చింది. ఏ ఆట ఆడాలో, ఎలా ఆడాలో, ఎవరితో మాట్లాడాలో అన్నీ పైవాళ్ళు చెప్తున్నారు. అతను తనకి తోచినట్టు చెయ్యి కాస్త మార్చి తిప్పితే పిలిచి చీవాట్లు పెట్టారు. నాకు ఒళ్ళంతా ఉడికింది.

అప్పుడొచ్చింది ఆ విమానాశ్రయం సీను. బృందమంతా పెట్టెలు పట్టుకుని నడుస్తోంది, కాపలావాళ్ళు అటూ ఇటూ ఉన్నారు, విమానం సిద్ధంగా ఉంది. ఆ కుర్రాడు ఆగిపోయాడు. వదిన చదవడం కూడా ఆపేసింది. అక్కడ ఎవరూ చదివి చెప్పక్కర్లేదు, అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఎక్కనన్నాడు.

"ద్రోహి!" అన్నాడు మా నాన్న.

వదిన నా వైపు చూసి కళ్ళతోనే ఊరుకోమంది. నేను ఊరుకున్నాను. నా జీవితంలో ఊరుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి. తర్వాత సినిమా నడిచింది. అతను కొత్త దేశంలో ఆడాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, తల్లి గొంతు ఫోన్లో విని ఏడ్చాడు. అయిపోయింది. పేర్లు పడుతున్నాయి.

మా నాన్న లేవలేదు. "కోడలా, ఆ ముసలాయన ఏమయ్యాడు?" అన్నాడు.

"ఏ ముసలాయన?"

"నేర్పినాయన. కర్ర కొట్టినాయన. వాడు ఎక్కనన్నాడని తెలిసి ఆయన ఏమన్నాడు?"

వదిన కాస్త వెనక్కి తిప్పి వెతికింది. లేదు. "సినిమాలో చెప్పలేదు మామయ్యా."

ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. "అదేం సినిమా? పోయినోడి గురించి రెండు గంటలు చెప్పి, నేర్పినోడి గురించి ఒక్క ముక్క చెప్పరా? ఆయన ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో ఎవడికీ పట్టదా?" నల్ల కళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. మందు వల్ల కారుతున్నాయని వదిన అంది. ఆపరేషన్ చేసింది ఒక కంటికి, నీళ్ళు కారింది రెండు కళ్ళనుంచీ.

నేను అప్పుడు నేరుగా ఆయనతోనే అన్నాను. "అతను పారిపోలేదు నాన్నా. ఎవర్నీ తిట్టలేదు, ఏమీ ఎత్తుకుపోలేదు. ఆయన నేర్పిన ఆటే ఆడాడు. ఆడినన్నాళ్ళూ ఆయన పేరే నిలబెట్టాడు. ఇంకేం చెయ్యాలి?"

ఆయన సోఫా మీద తల వెనక్కి వాల్చాడు. "కోడలా, మందు వేళయింది" అన్నాడు. నేను లేచి సీసా తెచ్చాను. ఆ పూట మాత్రం నిదానంగా వెయ్యమని అనలేదు.

ఆ ఏటి శివరాత్రి నాటికి కాయ కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కల్లాలన్నీ ఎర్రగా పరిచిన కాయతో నిండి ఉన్నాయి. ఆ రోజు పొద్దుటినుంచీ ఉక్కపోత. మా వంతు సాయంత్రానికి వచ్చింది, మా తర్వాత పుట్టినూరి జట్టు. ఎర్రచీరల్లో మేము స్తంభం చుట్టూ నిలబడేసరికి, పసుపుచీరల పక్కన మా నాన్న అలవాటుగా లేచాడు, వీపు తిప్పాడు. కంటికి ఇప్పుడు మామూలు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కన్ను బాగయింది గదా, ఈ ఏడన్నా చూస్తాడేమోనని ఆశపడ్డ నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ కసితో ఈల వేశాను.

ఏం ఆడారండీ మా వాళ్ళు! కర్రలన్నీ ఒక్క దెబ్బగా పడుతున్నాయి. అల్లిక పైనుంచి కిందికి నున్నగా దిగింది. నా మలుపు వచ్చింది, వీపుకి వీపు ఆనించి తిరిగాం, జడలో గవ్వల వరస పడింది. జనంలోంచి ఈలలు. జడ పూర్తయింది. ఇక విప్పడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు నా మొహం మీద టప్పున ఒక చినుకు పడింది.

నా జోడీ ఆడే అమ్మాయి తలెత్తి పడమటి వైపు చూసింది. అక్కడ మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. ఆ పిల్ల మొగుడు కాయ లోడు వేసుకుని గుంటూరు పోయాడు, అత్తగారు మంచంలో ఉంది. ఏడాది కష్టమంతా కల్లంలో ఆరబోసి ఉంది, టార్పాలిన్ పట్టా కప్పే నాథుడు లేడు. "అక్కా, నా కాయ!" అని ఒక్క కేక పెట్టి, తాడూ కర్రా వదిలేసి, జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. నేనేమంటాను? తడిసిన కాయ బూజు పట్టి తెల్లబడితే కొనేవాడుండడు. నేనైనా అదే చేసేదాన్ని.

కానీ ఆ తాడు గాల్లో ఊగుతోంది. మద్దెల ఆగింది. రెండు తాళ్ళు ఒకే మనిషి పట్టుకోవడం కుదరదు, రెండూ చెరో దిక్కుకి పోవాలి. ఆ తాడు పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి, నా మలుపు తిరగేసి ఆడగలిగిన మనిషి మా ఊళ్ళో ఇంకొకరు లేరు. చినుకు చూసి మా మొగవాళ్ళంతా అప్పటికే కల్లాలకి ఉరికారు. వాగవతల ఊరివాళ్ళలోంచి ఎవరో, "ఏందమ్మో, జడ చిక్కుపడిందా?" అన్నారు. నవ్వులు. మా ఆడవాళ్ళు తాళ్ళు పట్టుకుని కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు. దేవుడి ముందు విప్పని జడతో నిలబడ్డాం. ఈ ముడి నేను వేసింది, నా తెలివి మీద నమ్మకంతో వేసింది. నాకు ఏడుపు ముంచుకొస్తోంది.

అప్పుడు జనం పక్కకి జరిగారు. మా నాన్న. చెప్పులు వదిలి, భుజం మీది కండువా తీసి నడుముకి బిగించుకుంటూ వస్తున్నాడు.

"మాస్టారూ! అటెక్కడికి?" అని పుట్టినూరి వాళ్ళు కేకలేశారు.

"తాడు ఊగుతోందిరా, కనపట్టల్లా?" అని వచ్చి తాడు పట్టుకున్నాడు. కింద పడున్న కర్ర తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన మెళ్ళో ఆయన ఈల ఉంది. దాన్ని ముట్టుకోలేదు. నా వైపు చూసి, నా ఈల కోసం ఆగాడు.

ఎలా వేశానో తెలియదు, ఈల వేశాను. మద్దెల అందుకుంది.

ఎర్రచీరల మధ్య తెల్లపంచె. మొదటి అడుగే తాళంలో పడింది. ఆయన మోకాళ్ళు ముసలివే గానీ కర్ర ముసలిది కాదు. జడ విడుతోంది. నా భయమంతా ఆ మలుపు దగ్గరే. అది ఆయన కోపు కాదు, ఆయన ఒక్కసారి కూడా చూడని కోపు. పాత అలవాటుకి ముందుకి పోతే అక్కడే ముడి పడుతుంది. నేను తల తిప్పి చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే నాన్న గిర్రున తిరిగాడు. ఆయన వీపు నా వీపుకి ఆనింది. ఒక చుట్టు తిరిగాడు, లోపలికి పోయాడు, నా తాడు కిందనుంచి దూరి సరిగ్గా రావాల్సిన చోటుకి వచ్చి నా కర్ర మీద ఠక్కున దెబ్బ వేశాడు. ఒక్క అడుగు తప్పలేదు. గవ్వల వరస విడిపోయింది. చివరి తాడు కూడా విడి వేలాడేసరికి జనం ఒక్కసారిగా గోల చేశారు. పసుపుచీరల్లో కూడా చప్పట్లు కొట్టారు, కొట్టకుండా ఎవరి చేతులు ఊరుకుంటాయి?

చినుకు అప్పటికే తెరిపిచ్చింది. నాన్న తాడు వదిలి, వగరుస్తూ, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నాలుగేళ్ళ తర్వాత మా నాన్న నాతో నేరుగా అన్న మొదటి మాట ఇదీ:

"ఈల అంత మెల్లిగా వేస్తే వెనకోళ్ళకి వినపడుద్దా ఏంది?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నీకు ఆ మలుపు ఎట్టా తెలుసు నాన్నా? నువ్వు చూడనే లేదుగా!"

"వీపు తిప్పుకుంటే చెవులు మూసుకున్నట్టా? కర్ర చప్పుడు వింటే ఎవరు ఎటు తిరిగారో తెలవదా నాకు? మొదటేడు విన్నా. రెండో ఏడు విని, ఇంటికి పోయి దూలానికి తాళ్ళు కట్టి చూసుకున్నా. ఆ గవ్వలు పడే కాడ పట్టు దొరకలా. మూడో ఏడు దొరికింది." చెమట తుడుచుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని నా మొహంలోకి చూశాడు. "మంచి కోపే. నాకు తట్టలా ఇన్నేళ్ళూ."

మా నాన్న ఇంట్లో ఒంటరిగా తలుపేసుకుని, దూలానికి తాళ్ళు కట్టుకుని, నా కోపు నేర్చుకున్నాడు.

అవతల పుట్టినూరి జట్టు వరసలు కట్టింది, గురువు కోసం పిలుస్తున్నారు. ఆయన రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించి, నన్ను ఎన్నడూ అడగని తీరున అడిగాడు. "ఆ మలుపు మా వాళ్ళకి నేర్పుకుంటా. ఇస్తావా?"

"నన్ను అడుగుతావేంది నాన్నా, గురువ్వి నువ్వయితే?"

"కట్టింది నువ్వు. అడక్కుండా తీసుకుంటే దొంగతనమవుద్ది. ఇస్తావా ఇయ్యవా, తొందరగా చెప్పు, అవతల మావాళ్ళు అరుస్తున్నారు."

మా ఊళ్ళో నా నోటికి జడిసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరూ చూస్తుండగా నేను మాట పెగలక తల ఊపాను. ఆయన గబగబా పసుపుచీరల దగ్గరికి పోయి, గుడి ముందున్నవాళ్ళందరికీ వినపడేటట్టు ఎప్పటి గొంతుతో కేకేశాడు. "ఒసే పిల్లలూ, వచ్చే ఏటికి మీకు కొత్త కోపు! మా అమ్మాయి కట్టింది!" మా ఎర్రచీరలన్నీ నన్ను చుట్టుకుని నవ్వుతున్నాయి. నవ్వితే నవ్వారు గాని, నేను కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే భోరుమని ఏడ్చాను.